ఖాళీ నెలల్లో చెడిపోయే పంపులు, పడవలు: ఖర్చు ఎవరి నెత్తిన?

మిరప ఆఖరి కోత అయిపోయి, పత్తికట్టె పీకి దొడ్లో వేసుకున్నాక మందు కొట్టే పంపుకు పని ఉండదు. దాన్ని కడిగి పాకలో ఓ మూలన పెడతాం. మళ్లీ దాని అవసరం పడేది పత్తి మొక్క నాలుగాకులు వేసి, పచ్చదోమ, పేనుబంక కనపడ్డాకే. మధ్యలో నాలుగు నెలలు ఇట్టే గడిచిపోతాయి. అప్పుడు బయటికి తీసి తాడు లాగితే ఇంజను పలకదు. పది సార్లు లాగినా పలకదు. పలికినా రెండు నిమిషాలు దగ్గి ఆగిపోతుంది. చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు, ప్రత్తిపాడు, ఫిరంగిపురం వైపు తొలకరి తర్వాత మెకానిక్ కొట్ల ముందు వరుసగా పెట్టిన తైవాన్ పంపులను చూసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

‘నువ్వే సరిగ్గా చూసుకోలేదు’ అంటాడు ఆసామి. ‘పెట్రోలే మునుపటిలా లేదు’ అంటాడు మెకానిక్. ‘వాడే తీరులో ఉంది’ అంటాడు పంపు అమ్మిన దుకాణదారు. ‘పైనుంచి ఏది వస్తే అది పోస్తున్నాం’ అంటాడు బంకు కుర్రాడు. తప్పు ఎవరిదో తేలదు గానీ డబ్బు కట్టేవాడు మాత్రం తేలిపోతాడు. పంపును వీపున మోసేవాడే కడతాడు.

మేం చెప్పదలచింది ఒకే మాట. ఇథనాల్ కలిపిన పెట్రోలు రోజూ తిరిగే ఇంజనుకు చేసే చెరుపు వేరు, నెలల తరబడి పడుకునే ఇంజనుకు చేసే చెరుపు వేరు. ఈ రెండోది ఎక్కువ. పడుకునే ఇంజను ఎవరిది? పని దొరికిన నాడే బతుకు గడిచే కూలివాడిది, వేట ఉన్న నాడే పొయ్యి వెలిగే బెస్తవాడిది. అందుకే ఇది మెకానిక్ కొట్టు గొడవగా తీసిపారేసేది కాదు, కూలి గొడవ.

పెట్రోల్లో ఏం కలుస్తోంది?

ఇథనాల్ అంటే కొత్త పదార్థమేమీ కాదు. సారాలో ఉండే స్పిరిట్టే, నీళ్లు పూర్తిగా తీసేసింది. చెరకు మడ్డి నుంచి, చెరకు రసం నుంచి, నూకల నుంచి, బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి తీస్తారు. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు శాతం కలపడం మొదలైంది. అందులో మన రాష్ట్రమూ ఉంది. చాలా ఏళ్లు అది నత్తనడకనే సాగింది. 2018లో కేంద్రం జీవ ఇంధనాల జాతీయ విధానం తెచ్చింది. 2030 నాటికి ఇరవై శాతం కలపాలని అప్పట్లో పెట్టుకున్న లక్ష్యాన్ని తర్వాత 2025-26కి ముందుకు జరిపింది. 2022 జూన్ నాటికి పది శాతానికి చేరామన్నారు. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం పెట్రోలును బెంగళూరులో ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతటా ఇరవై శాతానికి చేరామని ప్రకటించారు.

అంటే మనం లీటరు పెట్రోలుకు డబ్బు కడితే, సీసాలో పడేది నాలుగు పాళ్లు పెట్రోలు, ఒక పాలు స్పిరిట్. స్పిరిట్‌లో ఉండే శక్తి పెట్రోల్లో ఉన్న దాంట్లో మూడింట రెండొంతులే. ధర మాత్రం ఆ మేరకు తగ్గలేదు. మన రాష్ట్రంలో లీటరు ఎప్పుడో వంద దాటి కూర్చుంది. ఎద్దునడిగి గంత కడతారా అన్నట్టు, ఇంత పెద్ద మార్పు చేసేటప్పుడు చిన్న ఇంజన్ల వాళ్లను పిలిచి అడిగిందెవరు?

పడుకున్న ఇంజను ఎలా చెడుతుంది?

వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లడం అందరం చూసేదే. స్పిరిట్‌కూ ఆ గుణమే ఉంది. గాల్లో తేమను లాక్కుంటుంది. ఉత్త పెట్రోలుకు ఆ గుణం లేదు. నీళ్లు పడితే అడుగున బొట్టుగా నిలిచిపోతాయి, ఒంపేస్తే సరిపోతుంది. ఇథనాల్ ఉన్న పెట్రోలు అలా కాదు. వచ్చిన తేమను కొంతవరకు తనలోనే కలుపుకుంటుంది, కంటికి కనపడనివ్వదు. పది శాతం కలిపిన లీటరు పెట్రోలు సుమారు అయిదు మిల్లీలీటర్ల నీళ్లు, అంటే ఒక చెంచాడు, దాచుకోగలదు. ఇరవై శాతందైతే ఇంకాస్త ఎక్కువ దాచుకుంటుంది. ఆ హద్దు దాటిందంటే ఒక్కసారిగా విడిపోతుంది. నీళ్లూ స్పిరిట్టూ కలిసి అడుగుకు దిగుతాయి, పెట్రోలు పైన తేలుతుంది. పెట్రోలు చల్లబడితే దాచుకునే శక్తి తగ్గుతుంది గనక పగలు బాగున్నట్టు కనపడింది రాత్రి చల్లదనానికి విడిపోవచ్చు.

ఇంజనుకు పెట్రోలు అందించే పైపు ట్యాంకు అడుగునుంచే లాగుతుంది. అంటే ముందుగా ఇంజనులోకి పోయేది ఆ అడుగు నీళ్లే. మన తైవాన్ పంపుల్లో చాలావరకు పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవి. ఆయిలు పెట్రోలుతోనే కలుస్తుంది, నీళ్లున్న స్పిరిట్‌తో కలవదు. అందువల్ల విడిపోయిన పెట్రోలు పోసిన పంపులోకి ఆయిలు లేని సరుకు వెళుతుంది. ఏదోలా స్టార్టయినా పిస్టన్ ఒరుసుకుని పట్టేస్తుంది. అప్పుడు పోయేది వాషరు కాదు, ఇంజనే.

గాల్లో తేమ ఒక్కటే అంత పని చేయడానికి చాలా రోజులు పడుతుంది. కానీ మన పంపు ఉండే తీరు చూడండి. మూత పగిలి ఉంటుంది, దానికో గుడ్డ చుట్టి ఉంటుంది. మందు కొట్టాక పంపునంతా నీళ్లతో కడుగుతాం. తడి చేతులతోనే మూత తీస్తాం. వాన జల్లులో చేలోనే పెట్రోలు పోస్తాం. ఆ చెంచాడు నీళ్లు చేరడానికి నెలలు అక్కర్లేదు.

నీళ్లు చేరకపోయినా రెండో చెరుపు ఉంది. పెట్రోలు నిలవుంటే తేలికపాటి భాగం ఆవిరైపోతుంది, మిగిలింది జిగురవుతుంది. ఇది పాత పెట్రోలుకూ ఉన్న జబ్బే. కానీ స్పిరిట్ తోడైతే కార్బురేటర్ లోపలి అల్యూమినియం, ఇత్తడి భాగాలకు చిలుము పడుతుంది. దానికి తట్టుకునేలా చేయని రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడుతుంది. డయాఫ్రం ముందు ఉబ్బి, ఎండాక గట్టిపడుతుంది. వెంట్రుకంత రంధ్రం మూసుకుపోయినా పంపు ఆగిపోతుంది. రేకుల పాకలో మే నెల ఎండకు నాలుగు నెలలు మగ్గిన పంపు లోపల జరిగేది ఇదే.

ఆగిన ప్రతి పంపుకూ ఇథనాలే కారణమని మేం అనం. ఆయిలు పాళ్లు తప్పడం, నాసిరకం విడిభాగాలు, గాలి ఫిల్టరులో దుమ్ము, ఇవీ ఉన్నాయి. కానీ ఉన్న జబ్బులకు కొత్త జబ్బు ఒకటి తోడైంది, దాని సంగతి మాత్రం మనకెవరూ చెప్పలేదు.

కిలోమీటర్ల లెక్కలో కూలివాడు ఎక్కడ?

2025 ఆగస్టులో ఇరవై శాతం పెట్రోలు మీద దేశమంతా గోల రేగినప్పుడు కేంద్ర పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. కొన్ని పాత వాహనాల్లో ఇరవై, ముప్పయి వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని, అది పెద్ద ఖర్చు కాదని అందులో చెప్పింది.

మంచిది. మరి మన మందు పంపు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? దానికి చక్రాలే లేవు. అది మనిషి వీపు మీద ఎక్కి చాళ్లలో నడుస్తుంది. ఈ లెక్క కట్టిన వాళ్ల కళ్లముందు ఉన్నది కార్లూ మోటారు సైకిళ్లూ. రోజూ తిరిగే కారులో పెట్రోలు వారం తిరక్కుండా అయిపోతుంది, మళ్లీ కొత్తది పడుతుంది. దానికి చెడిపోయే తీరికే ఉండదు. పంపుకు తీరికే తీరిక. కూలివాడికి పని లేని నెలల్లోనే వాడి పనిముట్టూ చెడుతుంది.

‘పెద్ద ఖర్చు కాదు’ అన్న మాటను కూడా మన కొలతతో కొలవాలి. నెల జీతగాడికి అది ఒక పూట బయట భోజనం ఖర్చు కావచ్చు. ట్యాంకుకు ఇంత అని కూలికి మందు కొట్టేవాడికి పంపు రెండు రోజులు కొట్లో ఉంటే, విడిభాగం ఖర్చు ఒకటి, రెండు రోజుల కూలి ఒకటి, ‘ఇక నువ్వు రానక్కర్లేదు, వేరేవాణ్ణి పెట్టుకున్నాం’ అనే మాట మూడోది. 2021లో మిరపను నల్ల తామర పురుగు ఊడ్చేసినప్పటి నుంచి ఆసాములకు ఒక్క రోజు ఆగే ఓపిక లేదు. పంపు నడిచేవాడికే పని. 1980లలో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడిన నాటి నుంచీ ఈ రెండు జిల్లాల మెట్ట సేద్యం మందు చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆ మందును ఒంటి మీద పోసుకుంటూ చల్లే మనిషి ఇప్పుడు పనిముట్టు కూడా తానే కొనుక్కోవాల్సి వస్తోంది. సెంటు భూమి లేనివాళ్లు డ్వాక్రా అప్పు తెచ్చి పంపులు కొన్నారు. ఆ అప్పుకు ఖాళీ నెలలు లేవు, వాయిదా నెలనెలా వస్తూనే ఉంటుంది.

కడలి ఒడ్డున కూడా ఇదే కథ

మెట్ట వదిలి తూర్పుగా పోతే నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం తీరం వస్తుంది. 2022లో జిల్లాలు మారి కొన్ని బాపట్ల కిందికి పోయాయి గానీ మనుషుల బాధలు మారలేదు. అక్కడ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక ఆ నిషేధం అవసరమే, దాన్ని మేం తప్పు పట్టం. ఆ రెండు నెలలూ ఇంజను పడవలు ఒడ్డునే ఉంటాయి.

డీజిల్ ఇంజన్లు పెట్టుకున్న వాళ్లకు ఈ బాధ లేదు, డీజిల్‌లో ఈ స్పిరిట్ కలపడం లేదు. పడవ వెనక తగిలించే పెట్రోలు మోటారు ఉన్నవాళ్లదే కష్టం. ఉప్పు గాలి, తీరపు తేమ, సగం ఖాళీ ట్యాంకు. పగటి వేడికి ట్యాంకులో గాలి ఉబ్బి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తేమ గాలిని లోపలికి పీలుస్తుంది. అరవై రోజులు ఇదే జరుగుతుంది. జూన్ 15 తెల్లవారుజామున పడవ దింపాక మోటారు ఆగితే చేలో పంపు ఆగినట్టు కాదు. నడిసంద్రంలో ఆగుతుంది. అది ప్రాణం మీది మాట.

నిషేధ కాలపు భృతిని 2025లో రాష్ట్ర ప్రభుత్వం పది వేల నుంచి ఇరవై వేలకు పెంచింది. పెంచడం న్యాయమే. ఆ డబ్బు ఆ రెండు నెలల తిండి కోసం ఇచ్చింది. మోటారు బాగుచేతకు అందులోంచే తీయాల్సి వస్తే తిండికి మిగిలేది ఎంత?

బయటి దేశాల్లో ఏం చేశారు?

చలి దేశాల్లో పడవలు శీతకాలమంతా ఒడ్డునే ఉంటాయి. అక్కడ చలి ఒడ్డెక్కిస్తుంది, మన దగ్గర సర్కారు ఉత్తర్వు ఒడ్డెక్కిస్తుంది, పెట్రోలుకు మాత్రం రెండూ ఒకటే. అమెరికాలో పది శాతం ఇథనాల్ ఎప్పటినుంచో మామూలైంది. అక్కడి పడవల వాళ్లు ఫైబరు ట్యాంకులు మెత్తబడి మోటారులోకి జిగురు దిగిన దెబ్బలు తిన్నాక, చలికాలం ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయడమో, గాలి చొరకుండా నిండా నింపి నిలవ మందు కలపడమో నేర్చుకున్నారు. ఇథనాల్ లేని పెట్రోలు అక్కడ చాలా చోట్ల విడిగా దొరుకుతుంది కూడా.

ఇంకో సంగతి గమనించండి. అక్కడ ఇథనాల్‌ను పదిహేను శాతానికి పెంచడానికి అనుమతి ఇచ్చినప్పుడు, 2011లో వాళ్ల పర్యావరణ సంస్థ ఒక నిబంధన పెట్టింది. ఆ పెట్రోలు పోసే ప్రతి పంపు మీదా హెచ్చరిక చీటీ అంటించాలి. పడవల్లో, మోటారు సైకిళ్లలో, గడ్డి కోసే యంత్రాల వంటి చిన్న ఇంజన్లలో ఇది పోయకూడదని దాని మీద రాసి ఉండాలి. పదిహేను శాతానికే అక్కడ పోయవద్దని చీటీ. ఇరవై శాతానికి ఇక్కడ చీటీ లేదు, చెప్పే దిక్కూ లేదు. అమెరికా సర్కారు పేదల పక్షపాతి అని మేం అనడం లేదు. అక్కడ పడవ ఉన్నవాడు ఉన్నవాడే, అందుకే వాడి మోటారుకు అంత విలువ. మన దగ్గర చిన్న ఇంజను ఉన్నవాడు లేనివాడు. తేడా అదే.

లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

పాలకుల వాదన కూడా చెప్పుకోవాలి. చమురు దిగుమతి తగ్గి 2014-15 నుంచి 2025 జూలై దాకా రూ.1.44 లక్షల కోట్ల విదేశీ మారకం మిగిలిందని, రైతులకు పంట అమ్మకం పెరిగిందని, పొగ తగ్గుతుందని కేంద్రం అంటోంది. దిగుమతి తగ్గడం మంచిదే. చెరకు, మొక్కజొన్న వేసే రైతుకు గిరాకీ దొరికితే సంతోషించేవాళ్లలో మేమూ ఉన్నాం. మరి ఆ మిగులులో పెట్రోలు కొనేవాడి వాటా ఏది? ఇథనాల్ సగటు ధర 2025 జూలై చివరికి లీటరు 71 రూపాయలు దాటిందని, అది శుద్ధి చేసిన పెట్రోలు ధర కన్నా ఎక్కువని, అందుకే తగ్గించలేమని చెప్పారు.

బియ్యం సంగతి చూడండి. ఆహార సంస్థ గోదాముల బియ్యాన్ని ఇథనాల్ ఫ్యాక్టరీలకు క్వింటాలు రూ.2,800కు ఇచ్చేది కాస్తా 2025 జనవరిలో రూ.2,250కి తగ్గించారు. స్పిరిట్ తీసేవాడికి బియ్యం చవకైంది, స్పిరిట్ కలిపిన పెట్రోలు కొనేవాడికి పైసా తగ్గలేదు. మొక్కజొన్నకు 2025-26లో మద్దతు ధర రూ.2,400 అని ప్రకటించారు. యార్డులో, కల్లంలో ఆ ధర చేతికి అందిందో లేదో అమ్ముకున్న రైతునే అడగండి.

మైలేజి సంగతి సర్కారీ నిపుణులే ఒప్పుకున్నారు. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై పది శాతానికి సర్దిన వాహనాల్లో ఇరవై శాతం పోస్తే, కార్లకు ఆరేడు శాతం, రెండు చక్రాల బండ్లకు మూడు నాలుగు శాతం మైలేజి తగ్గుతుందని 2021 జూన్‌లో నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. కూలి పనికి పాత బండి మీద ముగ్గురెక్కి పక్క మండలానికి పోయేవాళ్లకు ఆ మూడు నాలుగు శాతం కూడా కూలిలో కోతే. ఇథనాల్ లేని పెట్రోలు కూడా దొరికేలా చూడమని వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే కోర్టు తలుపు ప్రస్తుతానికి మూసుకుంది. మిగిలింది జనం గొంతే.

మన చేతిలో ఉన్న పని

సర్కారు కదిలేదాకా పంపులు చెడనిస్తూ కూర్చోలేం. ఖర్చు లేని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ప్రతి కూలిపేటలో ఇవి చదివి వినిపించండి.

ఒకటి. పెట్రోలు రెండు మూడు రోజులకు సరిపడానే కొనండి. ఆయిలు కలిపిన పెట్రోలును వచ్చే సీజనుకని దాచకండి. తాగే నీళ్ల సీసాల్లో అసలే పెట్టకండి. పిల్లలు నీళ్లనుకుని తాగే ప్రమాదం ఉంది. మూత బిగువుగా పట్టే డబ్బా వాడండి, ఇంటి బయట నీడన పెట్టండి.

రెండు. సీజను ఆఖరి రోజున ట్యాంకు పూర్తిగా ఒంపేయండి. నోటితో పైపు పీల్చి తీయకండి. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషే పోతాడు. ఒంపాక ఇంజను స్టార్టు చేసి దానంతటది ఆగిపోయేదాకా నడవనివ్వండి. కార్బురేటర్‌లో మిగిలిన చుక్క అలా ఖర్చవుతుంది. తర్వాత ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో నాలుగు చుక్కలు ఆయిలు వేసి, తాడు మెల్లగా రెండు మూడు సార్లు లాగి, ప్లగ్గు బిగించండి. ట్యాంకు మూత బిగించి, గుడ్డ కప్పి, రేకుల కింద కాక చల్లని చోట పెట్టండి.

మూడు. కొత్త సీజనులో పని మొదలయ్యే రోజున కాక వారం ముందే పంపు బయటికి తీయండి. పైపు ఉబ్బిందా, పగిలిందా చూడండి. కొత్త పెట్రోలే పోయండి. పాత డబ్బాలో ఉన్నది గాజు సీసాలో పోసి వెలుతురుకు పెట్టి చూడండి. రెండు పొరలుగా కనిపించినా, మసకగా ఉన్నా పంపులో పోయకండి. ఒకసారి విడిపోయిన పెట్రోలును ఏ మందూ బాగుచేయదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పోయకండి, దగ్గర్లో బీడీ వెలిగించకండి.

నాలుగు. పడవ మోటారు వాళ్లు నిషేధం మొదలయ్యే రోజునే పైపు విప్పి, కార్బురేటర్ కింది మర తీసి ఒంపేయాలి. విడి ట్యాంకు అయితే ఖాళీ చేయాలి. ఖాళీ చేయలేని ట్యాంకు అయితే గాలి చోటు లేకుండా నింపి మూయాలి. మోటారుకు నీళ్లు వేరుచేసే ఫిల్టరు పెట్టించుకుంటే మేలు. మొదటి రోజు ఒడ్డు దగ్గరే కాసేపు నడిపి చూశాకే లోపలికి పోవాలి.

ఐదు. అనుమానం వస్తే పరీక్ష చేయండి. గీతలున్న గాజు సీసాలో 20 మిల్లీలీటర్ల నీళ్లు, 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి ఊపి, పావుగంట కదపకుండా ఉంచండి. అడుగు పొర 20 నుంచి సుమారు 40 దాకా పెరిగితే ఇరవై శాతం స్పిరిట్ ఉన్నట్టు లెక్క. ఆరు బయట, నిప్పుకు దూరంగా చేయాలి. ఇది ఉజ్జాయింపు పరీక్షే, కోర్టులో నిలిచేది కాదు. కానీ మనం కొన్నదేమిటో మన కళ్లకు చూపిస్తుంది. బంకులో సాంద్రత, అయిదు లీటర్ల కొలత చూపమని అడిగే హక్కు కూడా మనకుంది. వానలప్పుడు అడగండి.

ఏం అడగాలి?

జాగ్రత్త మన వంతు. కానీ జాగ్రత్త చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు. అందుకు మండల కేంద్రాల్లో గట్టిగా అడగాల్సినవి ఉన్నాయి.

ప్రతి బంకులో పెట్రోల్లో ఇథనాల్ ఎంత శాతమో, చిన్న ఇంజన్లలో ఎన్నాళ్లు నిలవ ఉంచకూడదో తెలుగులో పెద్దక్షరాలతో రాసిన బోర్డు ఉండాలి. మండలానికి ఒక్క బంకులోనైనా మందు పంపులకు, పడవ మోటార్లకు ఇథనాల్ లేని పెట్రోలో, తక్కువ కలిపినదో మామూలు ధరకే అమ్మాలి. ఖరీదైన ప్రీమియం పేరుతో కాదు.

పంపులు, మోటార్లు అమ్మే కంపెనీ అది ఇరవై శాతం పెట్రోలుకు తట్టుకుంటుందో లేదో రాసివ్వాలి. తట్టుకుంటుందని చెప్పి అమ్మినది చెడితే ఉచితంగా బాగుచేయాలి. పాత పంపులకు తట్టుకునే రబ్బరు పైపు, డయాఫ్రం సెట్టును సబ్సిడీ మీద ఇవ్వాలి. సీజను ముగిసే నెలలో రైతు సేవా కేంద్రాల దగ్గర, నిషేధం మొదలయ్యే వారంలో మత్స్యశాఖ చేపల రేవుల్లో, మెకానిక్‌ను పెట్టి శిబిరాలు నడపాలి. వీటికి కోట్లు ఖర్చు కావు. మిగిలిందని చెప్పుకునే లక్షన్నర కోట్లలో ఇది ఏ మూలకు?

ఆసాములతో కూడా ఒక మాట తేల్చుకోవాలి. పంపు ఆసామిదైతే, అది ఆగిన పూటకు కూలి కోయడానికి వీల్లేదు. పంపు కూలివాడిదైతే, ట్యాంకు కూలిలో మనిషి కష్టం ఒక లెక్క, పంపు అరుగుదల ఒక లెక్కగా విడగొట్టి కట్టాలి. ట్రాక్టరు కిరాయికి డీజిలూ అరుగుదలా కలిపి లెక్క కట్టే ఆసామికి ఈ లెక్క తెలియంది కాదు. ఈ ధర ఊరంతా ఒకటిగా మాట్లాడుకోవాలి. ఒక్కొక్కడే పోయి బేరమాడితే ఓడేది మనమే. చిన్న రైతు కూడా ఈ విషయంలో మనతోనే ఉంటాడు, ఎందుకంటే తన పంపు కూడా ఆ పాకలోనే చెడుతోంది.

కార్యకర్తలకు ఒక పని అప్పజెబుతున్నాం. మీ ఊళ్లో ఎన్ని పెట్రోలు పంపులున్నాయి, ఈ సీజను మొదట్లో ఎన్ని ఆగాయి, ఏ భాగం పోయింది, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజుల కూలి పోయింది, ఒక నోటు పుస్తకంలో రాయండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. ఆయనకు మనకన్నా ఎక్కువ తెలుసు. విప్పిన డయాఫ్రంలు, ఉబ్బిన పైపులు పారేయకుండా సంచిలో దాచండి. పది ఊళ్ల లెక్కలు ఒకచోట చేరితే ‘పెద్ద ఖర్చు కాదు’ అన్న మాటకు అంకెలతో జవాబు చెప్పొచ్చు. కలెక్టరు కచేరీలో అర్జీ ఇచ్చే రోజున ఆ సంచిని కూడా బల్ల మీద పెట్టండి.